కిటికీల్లేని ఆ వరుస వెనకేముంది? మధ్యయుగపు చర్చి గోడను చదివే పద్ధతి

యూరప్‌లో ఏ పాత చర్చిలోకి అడుగుపెట్టినా మన కళ్ళు రెండు చోట్లకే పోతాయి. ఒకటి రంగుటద్దాల కిటికీలు, రెండోది కప్పు. నేను మొదటిసారి ఇంగ్లండ్‌లోని డర్హమ్ కథీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) చూసొచ్చి ఫోన్‌లో ఫొటోలు తిరగేస్తే ఇదే తేలింది. కప్పు ఉంది, లావాటి స్తంభాలున్నాయి, తూర్పు వైపు గుండ్రటి గులాబీ కిటికీ ఉంది. స్తంభాలకీ పై కిటికీలకీ మధ్య ఉండే గోడ మాత్రం ఒక్క ఫొటోలోనూ సరిగ్గా పడలేదు. అక్కడ కమానుల వరుస ఒకటి ఉందనీ, దాని వెనక చీకటి తప్ప వెలుతురు లేదనీ అప్పుడు గమనించనే లేదు.

ఆ వరుసని ఇంగ్లిషు వాళ్ళు ‘గుడ్డి అంతస్తు’ అని అర్థం వచ్చే పేరుతో కూడా పిలుస్తారు. ఆ మాట మనకి ఇట్టే అందుతుంది. వెలుగు సరిగ్గా ఇవ్వని దీపాన్ని మనమూ గుడ్డి దీపమనే అంటాం కదా. ఆ గుడ్డి అంతస్తునీ, దానికి చుట్టమైన గుడ్డి కమానుల వరుసనీ మీ అంతట మీరు చూసి అర్థం చేసుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. కథీడ్రల్ టికెట్టు, ఒక చిన్న బైనాక్యులర్, ఒక నోటు పుస్తకం, ఓ గంట ఓపిక ఉంటే చాలు. బైనాక్యులర్ లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసుకోండి, అదీ పనిచేస్తుంది.

వెళ్ళే ముందు నాలుగు పేర్లు

మధ్యలో ఉండే పొడవాటి, ఎత్తైన హాలు నేవ్. దానికి అటూ ఇటూ తక్కువ ఎత్తులో సాగేవి పక్క నడవలు. నేవ్‌నీ పక్క నడవనీ విడదీస్తూ నేల మీద నిలబడ్డ స్తంభాలూ కమానులూ కింది వరుస. అన్నిటికన్నా పైన, కప్పుకి దగ్గరగా ఉండే కిటికీల వరుస క్లియర్‌స్టోరీ. ఈ రెండింటికీ మధ్య ఉండేదే మన సంగతి. దాని పేరు ట్రైఫోరియం.

రెండు స్తంభాల మధ్య జాగాని, నేల నుంచి కప్పు దాకా నిలువుగా కలిపి, వాస్తుశిల్పం పుస్తకాలు బే అంటాయి. మన పెంకుటిళ్ళ లెక్కలో అది అంకణం. ఇక్కడ అంకణమనే అంటాను, అంతకన్నా సరైన మాట నాకు తట్టలేదు.

ట్రైఫోరియం అన్న మాట దగ్గర కాస్త జాగ్రత్త. మూడు ద్వారాలు కాబట్టి ఆ పేరని గైడ్లు చెబుతుంటారు. లెక్కపెడితే ఒకచోట రెండుంటాయి, ఇంకోచోట నాలుగుంటాయి. ఆ మాట తొలిసారి కనిపించేది 12వ శతాబ్దపు సన్యాసి, కాంటర్‌బరీకి చెందిన జెర్వేజ్ రాతల్లో. 1174 సెప్టెంబర్ 5న కాంటర్‌బరీ కథీడ్రల్ తూర్పు భాగం తగలబడింది. తర్వాత కట్టినదాన్ని పాతదానితో పోలుస్తూ, పాతదాంట్లో ట్రైఫోరియం ఒకటే ఉండేది, కొత్తదాంట్లో క్వాయిర్‌లో (సన్యాసులు కూర్చుని ప్రార్థనలు పాడే తూర్పు భాగం) రెండు, పక్క నడవలో మూడోది ఉన్నాయని ఆయన లెక్క చెప్పాడు. అంటే ఆయన దృష్టిలో గోడ మందంలో మనిషి నడిచే దారి ఏదైనా ట్రైఫోరియమే. ఇప్పటి పుస్తకాలు ఆ మాటని మధ్య అంతస్తుకి మాత్రమే కేటాయించాయి. అందుకే ఏ పుస్తకంలో చదివినా, ఏ గైడు చెప్పినా, ఆ మాటతో వాళ్ళు దేన్ని చూపిస్తున్నారో ముందు చూసుకోండి.

మొదటి అడుగు: లోపలికి పోకండి, బయట నిలబడండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గుడ్డి అంతస్తు ఎందుకు పుట్టిందో లోపల కన్నా బయటే తేలిగ్గా తెలుస్తుంది.

చర్చి పక్కవైపుకి వెళ్ళి కాస్త దూరంగా నిలబడండి. ఎత్తైన నేవ్ గోడ, దానికి ఆనుకుని కిందుగా పక్క నడవ, ఆ నడవ మీద ఏటవాలు కప్పు కనిపిస్తాయి. ఇప్పుడు ఊళ్ళో పాత పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. నడిమింటి గోడ ఎత్తుగా ఉంటుంది, దానికి వసారా దించుతారు. వసారా కప్పు పైకొస గోడలో ఎక్కడ కలుస్తుందో చూడండి, కిందికొస ఎక్కడికి దిగుతుందో చూడండి. ఆ రెండింటి మధ్య ఎత్తులో నడిమింటి గోడకి కిటికీ పెట్టగలరా? పెడితే అది వసారా కప్పు కిందికి, చీకట్లోకి తెరుచుకుంటుంది. వెలుతురూ రాదు, గాలీ రాదు.

చర్చిలో జరిగింది అచ్చంగా ఇదే, కాకపోతే పది రెట్ల ఎత్తులో. పక్క నడవకి లోపల రాతి కప్పు, దాని మీద వాన నీళ్ళు జారడానికి ఏటవాలు చెక్క కప్పు, రెండింటికీ మధ్య ఒక అటక. ఆ అటక నేవ్ గోడకి ఎంత ఎత్తు దాకా ఆనుకుని ఉందో లోపల అంత మేర కిటికీకి వీల్లేని గోడ మిగులుతుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే ఆ మొండి గోడ అంత ఎత్తు. మంచు పడే దేశాల్లో వాలు నిటారుగానే ఉండాలి మరి.

నోటు పుస్తకంలో బయటి కప్పు వాలు గీసుకుని, అది గోడని తాకే చోట ఒక గుర్తు పెట్టుకోండి. లోపలికి వెళ్ళాక ఇది పనికొస్తుంది.

రెండో అడుగు: ఒకే ఒక్క అంకణం ఎంచుకోండి

లోపలికి వెళ్ళాక అటూ ఇటూ తిరక్కండి. దక్షిణం గోడకి దగ్గరగా నిలబడి ఉత్తరం గోడ చూడండి. ఈ చర్చిలు దాదాపు తూర్పు పడమరలుగా పొడవుగా ఉంటాయి. ఎండ దక్షిణం కిటికీల్లోంచి వచ్చి ఉత్తరం గోడ మీద పడుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం ఆ గోడ బాగా కనిపిస్తుంది.

ఒక్క అంకణం ఎంచుకుని కింది నుంచి పైకి అంతస్తులు లెక్కపెట్టండి. లెక్క రెండొస్తే కింది కమాను, పైన కిటికీ, అంతే. చిన్న ఊరి చర్చిలు చాలావరకు ఇలాగే ఉంటాయి, మనకి అక్కడ పనిలేదు. మూడొస్తే మధ్యలోది మన ట్రైఫోరియమో, పక్క నడవ మీద మేడలా ఉండే గ్యాలరీయో. నాలుగొస్తే మీరు బహుశా ఉత్తర ఫ్రాన్స్‌లో, 12వ శతాబ్దపు కట్టడంలో ఉన్నారు. నోయోన్, లాన్ కథీడ్రళ్ళు అలాంటివి. కింద కమాను, దాని మీద పెద్ద గ్యాలరీ, దాని మీద సన్నటి ట్రైఫోరియం, ఆపైన కిటికీ.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళు ముందుగా మెదక్ చర్చిలో కంటికి కాస్త సాధన చేయించుకోవచ్చు. అయితే అది 1924లో ప్రతిష్ఠ జరిగిన, మధ్యయుగపు గోథిక్ శైలిని మళ్ళీ తెచ్చుకున్న కట్టడం. గోడని నిలువుగా కింది నుంచి పైకి చూడడం అలవాటు చేసుకోవడానికి సరే, ఇక్కడ చెప్పే మధ్యయుగపు లెక్కలన్నీ అక్కడ వెతకకండి.

మూడో అడుగు: ఆ చీకటి ఎంత లోతు?

అసలు పని ఇది. మధ్య వరుసలో కమానులు కనిపించాయి. వాటి వెనకేముంది? నాకు తెలిసినంతలో నాలుగు జవాబులున్నాయి. ఏది నిజమో తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. కమాను వైపు చూస్తూ నేవ్ వెంట నాలుగైదు అడుగులు పక్కకి నడవండి. కమాను స్తంభం వెనక ఉన్నది కదిలినట్టు కనిపిస్తే వెనక ఖాళీ ఉంది. స్తంభం, వెనక రాయి కలిసే కదిలితే అది గోడకి అంటుకున్న అలంకారమే.

మొదటి జవాబు, వెనక ఏమీ లేదు. మొండి గోడ మీద కమానులు చెక్కారు, అంతే. దీన్నే గుడ్డి కమానుల వరుస అంటారు. ఫ్రాన్స్‌లో, బర్గండీలోని ఓటన్ కథీడ్రల్‌లో దీనికి ముచ్చటైన ఉదాహరణ ఉంది. 1120 ప్రాంతంలో మొదలైన ఆ చర్చి మధ్య అంతస్తులో నిలువు గాడులున్న చదును స్తంభాలు కనిపిస్తాయి. అవి రోమన్ల కాలపు ఊరి ద్వారం, పోర్ట్ దారూ, పై వరుసని చూసి చేసినవి. ఊళ్ళో వెయ్యేళ్ళుగా కళ్ళ ముందున్న ద్వారాన్నే మేస్త్రీ గోడ మీదికి తెచ్చుకున్నాడన్నమాట. నాకు ఓటన్‌లో అన్నిటికన్నా నచ్చింది అదే.

రెండో జవాబు, గోడ మందంలో మనిషి పట్టేంత సన్నటి దారి. ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కథీడ్రల్ దీనికి పేరు మోసింది. 1194లో పాత చర్చి కాలిపోయాక కట్టిన నేవ్‌లో కింద ఎత్తైన కమానులు, పైన అంతే ఎత్తైన కిటికీలు, మధ్యలో నడుముకి కట్టిన వడ్డాణంలా ఒక చీకటి వరుస. దారికి వెనక గోడ ఉంది. గోడ వెనక నడవ కప్పు అటక ఉంది.

మూడో జవాబు, పక్క నడవ మీద పూర్తి వెడల్పుతో ఒక అంతస్తు. ఇది అటకలా కాకుండా మేడలా ఉంటుంది. పుస్తకాలు దీన్ని గ్యాలరీ అనీ ట్రిబ్యూన్ అనీ అంటాయి. ఇంగ్లండ్‌లోని డర్హమ్, ఈలీ, నార్విచ్ కథీడ్రళ్ళలో ఇదే. ఈలీ నేవ్‌లో గ్యాలరీ కమానులు కింది కమానులతో పోటీ పడేంత పెద్దవి. బైనాక్యులర్‌తో చూస్తే కొన్నిచోట్ల లోపలి చెక్క దూలాలు కూడా కనిపిస్తాయి. గ్యాలరీకి బయటి గోడలో చిన్న కిటికీలు ఉండొచ్చు. వాటి వెలుతురు అంత దూరం దాటి నేవ్‌లోకి వచ్చేసరికి గుడ్డి దీపమే.

నాలుగో జవాబు మిమ్మల్ని తికమక పెడుతుంది. అక్కడ చీకటే ఉండదు, ట్రైఫోరియం వెనక రంగుటద్దం మెరుస్తుంటుంది. అలా కనిపిస్తే మీరు 13వ శతాబ్దంలోకి వచ్చారు. దాని కథ కిందికొస్తే చెబుతాను.

నాలుగో అడుగు: ఎందుకు కట్టారని అడగండి

అందం కోసమని ఒక్క ముక్కలో తేల్చేస్తే సగం కథ పోతుంది. గోడ మొండిగా మిగిలింది కాబట్టి అలంకరించారన్నది నిజమే. కానీ డర్హమ్ గ్యాలరీలోకి, కప్పు కిందికి వెళ్ళి చూసినవాళ్ళకి ఇంకో సంగతి తెలుస్తుంది. నేవ్ గ్యాలరీలో, ఏటవాలు కప్పు కింద దాగి, పావు వంతు వృత్తం లాంటి కమానులు నేవ్ గోడకి దన్నుగా నిలబడి ఉంటాయి. నేవ్ మీది రాతి కప్పు బరువు కిందికే కాదు, పక్కలకి కూడా తోస్తుంది. ఆ తోపుని గ్యాలరీ పట్టుకుంటుంది. 1093లో పునాది పడి 1133 నాటికి నేవ్ కప్పు కూడా పూర్తయిన ఈ చర్చిలో గ్యాలరీ అంటే చర్చి తన నడుం మీద పెట్టుకున్న చెయ్యి లాంటిది.

ఇక్కణ్ణుంచి ఒకటిన్నర శతాబ్దంలో ఏం జరిగిందో చూస్తే కథలా ఉంటుంది. ఆ దన్నుని కప్పు కింద దాచకుండా బయటికి తెచ్చి ఆకాశంలో కమానులుగా నిలబెట్టారు. వాటినే ఫ్లయింగ్ బట్రెస్ అంటారు. దన్ను బయటికి వచ్చేశాక గ్యాలరీతో పనేముంది? షార్త్ర్‌లో దాన్ని తీసేశారు. నాలుగంతస్తుల గోడ మూడంతస్తులైంది. మిగిలిన జాగాని కింది కమానులు, పై కిటికీలు పంచేసుకున్నాయి. పక్క నడవకి ఏటవాలు కప్పు మాత్రం ఉంది కాబట్టి ఆ మేర చీకటి వరుస ఒకటి తప్పలేదు.

తర్వాత ఆ చీకటి కూడా భరించలేకపోయారు. అమియా కథీడ్రల్‌లో ఈ మార్పు ఒకే కట్టడంలో కనిపిస్తుంది. 1220లో మొదలైన నేవ్‌లో ట్రైఫోరియం చీకటిది. ముందుకి నడిచి క్వాయిర్‌కి చేరితే అదే ఎత్తులో అద్దాలు. ఆ క్వాయిర్‌కన్నా ముందే, 1231లో పారిస్ పక్కన సాన్ దెనీ చర్చిని తిరిగి కట్టడం మొదలుపెట్టినప్పుడు ట్రైఫోరియం వెనక గోడని తీసి అద్దం పెట్టారు. ఎలా కుదిరింది? వసారా కప్పు వాలుని మార్చారు. గోడకి ఆనే ఒంటి వాలు బదులు, రెండు వైపులా వాలే కప్పు వేసి దాని నడికొప్పుని గోడకి దూరం జరిపితే ఆ మేర గోడ బయటి వెలుతురుకి తెరుచుకుంటుంది. కానీ ఇప్పుడు వాన నీళ్ళు కొన్ని గోడ వైపుకే జారతాయి. అక్కడ సీసపు రేకులతో కాలువ వేసి నీళ్ళు బయటికి పంపాలి. రెండు వాలులు కలిసే మూలలో పెంకుటింటి కప్పు ఎంత ఏడిపిస్తుందో తెలిసినవాళ్ళకి ఆ మేస్త్రీల టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లండ్‌లో యార్క్ మిన్‌స్టర్ నేవ్ ఇంకో దారి పట్టింది. 1291లో మొదలైన ఆ నేవ్‌లో పై కిటికీల నిలువు రాతి కమ్మీలు అలాగే కిందికి సాగి ట్రైఫోరియం మీదుగా దిగుతాయి. చూపుకి రెండంతస్తులూ ఒకే చట్రంలో ఇమిడిపోతాయి. ట్రైఫోరియం వేరే అంతస్తు అనిపించడం ఆగిపోయింది.

అయితే అందరూ ఈ దారినే నడిచారనుకోకండి. 1175 ప్రాంతంలో మొదలైన, ఇంగ్లండ్‌లోని వెల్స్ ఊరి కథీడ్రల్ నేవ్‌లో ట్రైఫోరియం కమానులు అంకణం హద్దుల్ని పట్టించుకోకుండా ఒకే బారున సాగిపోతాయి. నేల నుంచి కప్పు దాకా పోయే నిలువు గీత అక్కడ తెగిపోతుంది. చూపు పైకి కాకుండా తూర్పుకి పరుగెడుతుంది. ఫ్రాన్స్ చర్చిలు చూసిన కళ్ళకి మొదట ఇది లోపంలా అనిపిస్తుంది. రెండోసారి చూస్తే అదే నచ్చుతుంది.

ఐదో అడుగు: ఇప్పుడు తల దించి పక్క నడవ గోడ చూడండి

మెడ నొప్పి పుట్టి ఉంటుంది. గుడ్డి కమానులు పైనే ఉండాలని లేదు, చేతికి అందే ఎత్తులోనూ ఉంటాయి. డర్హమ్‌లో పక్క నడవల గోడల అడుగున అవి వరసగా సాగుతాయి, ఒకదానిలోంచి ఒకటి దూరి అల్లుకున్నట్టుగా.

ఆ అల్లిక చిక్కుముడిలా కనిపిస్తుంది. దాన్ని విప్పడానికి చుక్కల ముగ్గు వేసే చెయ్యి చాలు. ఒక చేతి గాజు తీసుకోండి. కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, గాజు వ్యాసంలో సగం దూరానికొకటి చొప్పున చుక్కలు పెట్టండి. ఒక చుక్క వదిలి ఇంకో చుక్కకి గాజుతో అర్ధవృత్తం గీయండి. అంటే మొదటి చుక్క నుంచి మూడోదానికి, రెండోదాని నుంచి నాలుగోదానికి, మూడోదాని నుంచి ఐదోదానికి. అయ్యాక పక్కపక్క చుక్కల మధ్య చూడండి. అక్కడ మీరు గీయని ఆకారం ఒకటి పుట్టి ఉంటుంది, కొనదేలిన కమాను. చుక్కలు స్తంభాలు, అర్ధవృత్తాలు చెక్కిన కమానులు, కొనదేలినవి వాటంతట అవే వచ్చినవి. ఆ చిన్న కమాను అడుగున రెండు కొసలూ పైన మొనా కలిపితే సమబాహు త్రిభుజం వస్తుంది, స్కేలుతో కొలిచి చూసుకోండి.

గోథిక్ శైలికి గుర్తైన కొనదేలిన కమాను ఇలాంటి అల్లికల్లోంచే పుట్టిందని ఒకప్పుడు కొందరు గట్టిగా వాదించారు. ఇప్పుడు ఆ వాదన నిలవదు. కొనదేలిన కమాను అరబ్బు దేశాల్లో అంతకు ముందే వాడుకలో ఉంది. గాజుతో గీసి చూశాక మాత్రం ఆ వాదన చేసినవాళ్ళ మీద నాకు కాస్త జాలి కలిగింది. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

అల్లిన కమానులు నచ్చితే ష్రాప్‌షర్‌లోని మచ్ వెన్‌లాక్ మఠానికి వెళ్ళండి. శిథిలమైన ఆ మఠంలో సన్యాసుల సభామందిరం గోడల మీద అవి ఒకదాని మీద ఒకటి వరసలుగా పైకి పోతాయి. బ్రిస్టల్ కథీడ్రల్ సభామందిరంలోనూ ఇలాంటి అల్లికే ఉంటుంది. సభామందిరాల్లో కింది కమానులకి ఒక పని కూడా ఉంది. గోడ చుట్టూ రాతి అరుగు వేసి ఒక్కో కమాను కింద ఒక్కో సన్యాసి కూర్చునేవాడు. ఎవరి చోటు వాళ్ళకి గోడే చూపించేది.

లింకన్ కథీడ్రల్‌లో 1192లో మొదలైన సెయింట్ హ్యూ క్వాయిర్ పక్క నడవల్లో ఈ ఆట ఇంకో మెట్టు పైకి పోయింది. గోడకి అంటుకుని ఒక వరుస కమానులు, దాని ముందు విడిగా ఇంకో వరుస. ముందు వరుస స్తంభం వెనక వరుస కమాను నడిమధ్యకి వస్తుంది. రెండు వరసలూ తాళం తప్పించి నడుస్తున్నట్టుంటుంది. మూడో అడుగులో చెప్పినట్టు పక్కకి నడుస్తూ చూడండి, గోడ కదిలినట్టే అనిపిస్తుంది.

ఈలీలో, 1321లో మొదలైన లేడీ ఛాపెల్‌లో (మేరీ మాత పేరిట కట్టిన ప్రార్థన మందిరం) గోడ కమానులు ముందుకి వంగి తల ఊపుతున్నట్టుంటాయి. వాటి చుట్టూ బొమ్మలు కిక్కిరిసి ఉంటాయి, కానీ తలలు లేవు. 16వ శతాబ్దపు మత సంస్కరణ కాలంలో పగలగొట్టారు. అక్కడ పది నిమిషాలు ఊరికే కూర్చోండి. గదిలో రంగుటద్దాలు కూడా పోయి తెల్లటి వెలుతురు పడుతుంటే రాయి చెక్కిన చేతులు ఎంత ఓపికగా పని చేశాయో తెలుస్తుంది.

ఆరో అడుగు: గుడ్డి కమానా, మూసేసిన కిటికీయా?

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఒకప్పుడు నిజం కిటికీయే ఉండి తర్వాత రాళ్ళతో మూసేస్తే అదీ గుడ్డి కమానులాగే కనిపిస్తుంది.

దగ్గరికి వెళ్ళి రాళ్ళ వరసలు చూడండి. గుడ్డి కమాను లోపలి రాళ్ళ వరసలు చుట్టూ ఉన్న గోడ వరసలతో చాలావరకు కలిసిపోతాయి, ఎందుకంటే రెండూ ఒకేసారి లేచాయి. మూసిన కిటికీలో లోపలి రాయి వేరే రంగులో, వేరే సైజులో ఉంటుంది. అంచు వెంబడి నిలువుగా ఒకే గీత కనిపిస్తుంది. కింద వాన నీళ్ళు బయటికి జారేలా ఏటవాలు గడప ఉందా? పక్క రాళ్ళలో అద్దం దూర్చిన గాడి ఉందా? ఉంటే అది కిటికీయే. గోడకి అటువైపు వెళ్ళి అదే చోట అదే ఆకారం ఉందో లేదో కూడా చూడండి. కిటికీ గోడని దాటుతుంది, అలంకారం దాటదు.

కిటికీ కాని కిటికీ మనకి కొత్త కాదు. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాల నిండా ఉన్న గవాక్షాల్లోంచి ఎవరూ తొంగి చూడలేరు. గుంటుపల్లి చైత్యం ముఖాన గుర్రపు నాడా ఆకారంలో నిజంగానే తెరుచుకున్నది, కాలం గడిచేకొద్దీ రాతి మీద ఆనవాలుగా మిగిలింది. తెరుచుకునే ఆకారం మూసుకుపోయి అలంకారంగా మారడం అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని మాత్రం అనుకోకండి, రెంటికీ దారులు వేరు.

ఏడో అడుగు: బయటి గోడలు, పీసా తప్పక

పీసా వాలు గోపురం ముందు చెయ్యి చాపి ఫొటో దిగని మనవాళ్ళు తక్కువ. ఈసారి ఫొటో అయ్యాక గోపురం అడుగు అంతస్తు చూడండి. 1173లో మొదలైన ఆ గోపురానికి కింద 15 కమానులు, అన్నీ మూసినవే, గోడకి అంటుకున్నవే. వాటి మీద ఆరు అంతస్తుల్లో ఒక్కోదాంట్లో 30 చొప్పున తెరిచిన కమానులు, వాటి వెనక నడిచే దారి. గుడ్డి కమానుకీ తెరిచిన గ్యాలరీకీ తేడా ఇంత స్పష్టంగా ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించే కట్టడం ఇంకోటి నేను చూడలేదు. పక్కనే ఉన్న కథీడ్రల్ గోడల చుట్టూ కూడా అవే గుడ్డి కమానులు, కొన్నింట్లో వజ్రం ఆకారపు గూళ్ళు.

మూలాలు వెతుక్కుంటే ఇవి ఇంకా వెనక్కి పోతాయి. ఇటలీలోని రవెన్నాలో 5వ శతాబ్దపు రోమన్ రాణి గల్లా ప్లాచీడియా పేరిట ఉన్న సమాధి మందిరం బయట సాదా ఇటుక గోడ మీద ఇవే కమానులు. లోపల నీలం మొజాయిక్ చూసి మైమరచిపోయి బయటి గోడని ఎవరూ పట్టించుకోరు. చర్చి చూరు కింద చిన్న చిన్న కమానులు వేలాడుతున్నట్టు కనిపిస్తే వాటిని లంబార్డ్ వరుస అంటారు. జర్మనీలోని స్పైయర్ కథీడ్రల్‌లో చూరు కింద నిజంగానే నడవగలిగే బుల్లి గ్యాలరీ ఉంది, రెండూ ఒకటి కాదు.

ఎనిమిదో అడుగు: వీలైతే పైకెక్కండి

చాలా చర్చిల్లో ట్రైఫోరియంలోకి సందర్శకుల్ని పోనివ్వరు. కొన్నిచోట్ల రోజులో ఒకటి రెండు సార్లు గైడుతో తీసుకెళ్తారు, టికెట్టు కొనేటప్పుడే అడగండి. లండన్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం అదృష్టం ఉంది. వెస్ట్‌మిన్‌స్టర్ అబీ ఎత్తైన గ్యాలరీని 2018 జూన్‌లో మ్యూజియంగా తెరిచారు. నేల నుంచి దాదాపు 16 మీటర్ల ఎత్తు. కొత్తగా కట్టిన వెస్టన్ టవర్‌లో 108 మెట్లు, లిఫ్టు కూడా ఉంది. శతాబ్దాల పాటు పాత సామాన్లు పడేసే అటకగా ఉన్న జాగా అది. మనింట్లో అటక మీది నుంచి కిందికి తొంగి చూస్తే ఇల్లు ఎలా వేరుగా కనిపిస్తుందో, అక్కడి నుంచి అబీ అలా కనిపిస్తుంది.

ఇన్ని అడుగులూ అయ్యాక పరీక్ష రాయాలనుంటే పారిస్ నోత్ర్ దామ్‌కి వెళ్ళండి. 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదం జరిగాక మూతబడి 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరుచుకుంది. 1163 ప్రాంతంలో మొదలైనప్పుడు దాని గోడ నాలుగంతస్తులది. కింద కమాను, గ్యాలరీ, దాని మీద గ్యాలరీ కప్పు అటకలోకి తెరుచుకునే గుండ్రటి కన్ను, పైన చిన్న కిటికీ. 13వ శతాబ్దంలో వెలుతురు చాలక ఆ కన్నుల్ని తీసేసి పై కిటికీల్ని కిందికి పొడిగించారు. గోడ మూడంతస్తులైంది. 19వ శతాబ్దంలో బాగు చేయించిన వాస్తుశిల్పి వ్యొలె-ల్-దుక్ కొన్ని అంకణాల్లో పాత నాలుగంతస్తుల రూపాన్ని తిరిగి కట్టించాడు. అవి ఏవో నేవ్‌లో నిలబడి మీరే పట్టుకోవాలి. ఒక్క ఆనవాలు చెబుతాను: చర్చి శిలువ ఆకారంలో నాలుగు చేతులూ కలిసే చోటుకి ఆనుకుని ఉన్న అంకణాల దగ్గర మొదలుపెట్టి, తల పైకెత్తి నాలుగు దాకా లెక్కపెట్టండి.